కాడి విడిచిన పశువు

వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడె మ్రొక్కు చెల్లించుట తెలంగాణమున తరతరాల ఆచారము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలవారిలో అనేకులు మేడారమున సమ్మక్క సారలమ్మలను దర్శించుటకు ముందు రాజన్న సన్నిధికి పోయివత్తురు. కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరిగి కట్టివేసినచో భక్తుని మ్రొక్కు తీరును. స్వామికి నిజముగ సమర్పించిన కోడె కథ మాత్రము అక్కడనే ఆరంభమగును. 2025 మే నెలాఖరున, తిప్పాపురములోని దేవస్థానపు గోశాలలో పరిమితికి మించి చేరిన కోడెలు వానకు, బురదకు ఒకదాని వెంట నొకటి మరణించినప్పుడు ఆ కథ రాష్ట్రమంతట వినబడినది.

పిమ్మట అధికారులు పట్టాదారు పాసుపుస్తకము గల రైతులకు కోడెలను ఉచితముగ పంచిపెట్టిరి. పంపకము కొత్త కాదు. 2024లో ఇట్లిచ్చిన కోడెలు కొన్ని వరంగల్లు ప్రాంతమున చేతులు మారి అమ్ముడుపోయినవను ఆరోపణ వచ్చి, పోలీసులు కేసు నమోదు చేసియుండిరి. గోశాలలో ఉంచినచో ఇరుకు, రైతున కిచ్చినచో అనుమానము. 2025 జూన్‌లో ప్రభుత్వము గోశాలల విధానమును రూపొందించుటకు ముగ్గురు అధికారుల సంఘమును నియమించినది. ఎకరాల లెక్క, షెడ్ల లెక్క ఆ సంఘము చూచుకొనగలదు. ఆ కోడెకు పని ఎక్కడ కలదను లెక్క అంతకంటె ముఖ్యము. దానిని గురించి మాటలాడువారు తక్కువ.

దయను శాసించు చట్టములకు దేశమున కొరత లేదు. శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగ 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. ఆకలిదప్పులకు గురియగునట్లు పశువును విడిచిపెట్టుట ఆ చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పునకు అది విధించిన జరిమానా 10 మొదలు 50 రూపాయలు. ఆనాడది బరువైన మొత్తమే. నేడు ఒక ఎద్దుకు ఒకనాటి మేతకైనను చాలదు. దానిని పెంచుటకు 2022లో ఒక ముసాయిదా వెలువడినది. ఇక 1977 నాటి గోవధ నిషేధ చట్టము, సేద్యమునకు పనికిరాదను ధ్రువపత్రము లేనిదే ఎద్దును వధింపరాదనును. చట్టము సైతము ఎద్దును పనితోనే తూచినది.

పూర్వము పెద్ద గ్రామములలో బందెలదొడ్డి యుండెడిది. పరుల చేను మేసిన పశువును అందు పెట్టెడివారు. యజమాని జరిమానా కట్టి, నాలుగు మాటలు పడి, విడిపించుకొనిపోయెడివాడు. పశువునకు విలువ గల కాలమున ఆ ఏర్పాటు చక్కగ సాగినది. యజమాని తానే తోలివేసిన పశువును విడిపించుకొనుటకు ఎవరు వత్తురు? 2019 పశుగణన నాటికి దేశమున వీథిపాలైన ఆవులు, ఎద్దులు 50 లక్షలకు పైబడినవి.

దీనికి రైతును నిర్దయుడని నిందించుట సులభము, అన్యాయము కూడ. సుమారు 300 కిలోల ఎద్దుకు దినమునకు 6, 7 కిలోల ఎండుమేత కావలెను. సంవత్సరమునకు 20 క్వింటాళ్లకు మించును. కొడవలితో కోసిన కాలమున ఆ మేత గడ్డివాములో నిలిచియుండెడిది. హార్వెస్టరు వచ్చి ధాన్యమును మాత్రము సంచికెత్తి, గడ్డిని మడిలో చెల్లాచెదరుగ వదలినది. దానిని కట్టలు కట్టించుటకు మరల యంత్రము, మరల కిరాయి. అందుచేత పలుచోట్ల నిప్పు పెట్టుచున్నారు.

ఉపాధ్యాయులు గమనింపదగిన కారణము మరియొకటి కలదు. పశువుల వెంట అడవికి పోయినది చాలవరకు బాలుడే. పలక పట్టవలసిన చేతితో ముల్లుగర్ర పట్టి, పెద్దరైతు కొట్టములో జీతమునకు కుదిరిన పిల్లవాని మీదనే ఆ గోసేవ నిలిచినది. ఆ బాలుడు బడికి వచ్చినాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆ స్థానమును అతనికి స్థిరపరచినది. రావలసినదే. అతడు విడిచిన పనికి పెద్దల కూలి చెల్లింపక తప్పదను సంగతిని మాత్రము, పాతకాలపు పాడిపంటలను తలచి నిట్టూర్చువారు మరతురు.

మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా నుండి ఏర్పడినవి. పశువు విషయమున మూడింటి స్థితియు వేరు. జనగామ జిల్లా పాలకుర్తి బసవపురాణకర్త సోమనాథుని ఊరు. ఆ చెంతనే యున్న బమ్మెర, హలము పట్టి బ్రతికినాడని జనులు చెప్పుకొను పోతనది. ఆ మెట్టకు దేవాదుల నీరు వచ్చి వరి పెరిగినది. వరితో ట్రాక్టరు, హార్వెస్టరు వచ్చినవి. నీరు వచ్చిన చోట ఎద్దుకు పని తగ్గుట విచిత్రమే. భూపాలపల్లిలో అడవి యున్నది గాని, సింగరేణి ఉపరితల గనులున్న వైపున బీడు తరుగుచున్నది.

మహబూబాబాదు తీరు వేరు. అచ్చటి తండాలలోని లంబాడాల పూర్వులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము మోసి దక్కనంతయు తిరిగినవారు. రైలు వచ్చి ఆ వృత్తిని తీసివేసినది. ఎద్దు బరువు దించి కాడి నెత్తుకొన్నది. నేటికిని ప్రత్తి, మిరప సాళ్ల నడుమ కలుపు తీయుటకు గుంటుక తోలవలెనన్నచో, మొక్క ఏపుగ పెరిగిన చేనిలో ట్రాక్టరు కంటె ఎద్దుల జతయే అనుకూలము. చిన్న కమతము గల రైతు అరక నిలుపుకొనుట అందుకే. కోడెను పంపదగిన చిరునామా ఇది. పాసుపుస్తకము భూమి యున్నదని చెప్పును. ఆ భూమిలో ప్రత్తి యున్నదో, వరి యున్నదో, వాకిట గడ్డివాము కలదో లేదో చెప్పదు.

పశువును ఇచ్చుటతోనే పథకము ముగిసినదనుకొన్నచో ఏమగునో 2017లో ఆరంభమైన గొర్రెల పంపిణీ తెలిపినది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతము సబ్సిడీ; ఉద్దేశము మంచిదే. పిదప కాగ్ తనిఖీలో, గొర్రెలను తెచ్చినవని చూపిన వాహనముల నంబర్లలో ద్విచక్రవాహనములు, అంబులెన్సులు బయటపడినవి. అచ్చట లోపించినది ధనము కాదు, వెనుకకు తిరిగి చూచు కన్ను. కోడెల విషయమున ఆ కన్ను కష్టసాధ్యము కాదు. పశువుల చెవికి 12 అంకెల పోగు వేయు పద్ధతి అమలులో నున్నది. 1962 నంబరుకు పిలిచిన వచ్చు సంచార పశువైద్యశాల కలదు. ఇచ్చిననాడు పోగు అంకెను వ్రాసికొని, ఆరు నెలలకొకసారి పశువైద్యుడు కొట్టమునకు పోయి చూచినచో, అమ్మిన కోడె వెంటనే తెలియును. పోషింపలేక బాధపడు రైతు కూడ తెలియును. అట్టి రైతు కోడెను అపరాధభావము లేక తిరిగి అప్పగింపగలుగు వీలుండవలెను. అది లేకనే చాటుమాటు బేరములు పుట్టును.

ఇచ్చు కాలమును గూర్చియు ఆలోచింపవలసియున్నది. గుడి చుట్టు తిరిగిన కోడె కాడి నెరుగదు. దానిని అనుభవము గల ముసలి ఎద్దు ప్రక్కన కట్టి, మొదట వట్టి కాడితో, పిదప తేలిక గొర్రుతో నడిపించి మప్పుటకు వారములు పట్టును. 2025లో పంపకము తొలకరి వేళ జరిగినది; అప్పటికి దుక్కుల తొందర. ఫాల్గుణములో, కొట్టమున ఎండుగడ్డి యుండగనే అప్పగించినచో, మృగశిర కార్తె నాటికి ఆ కోడె ప్రత్తిచేనిలో గుంటుక లాగుటకు సిద్ధమగును.