"ఏమీ కాదమ్మా"

ఈ టపా కోపంతో రాస్తున్నాను, మిత్రులు మన్నించాలి.

లాల్‌దర్వాజాలో మాకు తెలిసిన ఒక ఇంటి పిల్లవాడికి ఏడీహెచ్‌డీ అని నిర్ధారించి మిథైల్‌ఫెనిడేట్ రాశారు. నెల తిరగకుండానే చదువులో కుదురు వచ్చింది, ముఖాన నవ్వు పోయింది. రాత్రి రెండు గంటలకు మిద్దెమీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేవాడు. తల్లి వెళ్ళి మొరపెట్టుకుంటే వైద్యుడు చీటీ మీదినుంచి తల ఎత్తకుండా "ఏమీ కాదమ్మా" అన్నాడట. ఆ వారమే మేనమామ వచ్చి, ఇవి పిచ్చిమాత్రలని డబ్బా మోరీలో పారబోశాడు. అందరూ మేనమామను తిడుతున్నారు. నాకు నోరు రావడం లేదు. అడిగినదానికి జవాబు దొరకనప్పుడు ఆయన ఇంకేం చేస్తాడు?

ఈ నగరానికి ఆ "ఏమీ కాదు" పాత పరిచయమే. 1888, 1889లలో ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలు, గుండెను గురించి బెంగ అక్కరలేదని తేల్చాయి. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, ఆ మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని నిరూపించాడు. లారీ దుర్మార్గుడేమీ కాడు. చూడవలసినచోట చూడనక్కరలేదన్నాడు, అంతే.

మిథైల్‌ఫెనిడేట్ మంచి మందే, దాన్ని నిందించేవారితో నాకు పొత్తు లేదు. అయితే అది నిద్రను, ఆకలిని తగ్గించగలదు. చిరాకు, ఆందోళన, కన్నీరు, బొమ్మలాంటి స్తబ్ధత తేగలదు. అరుదుగా లేని గొంతులు వినిపిస్తాయి, అకారణ అనుమానాలు, ఉన్మాదం కలుగుతాయి. ఈ సంగతులు రోగులకు కాగితంమీద ఇవ్వాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే ఆదేశించింది. ఇదే జబ్బుకిచ్చే మరో మందు ఆటమాక్సెటిన్. పిల్లల్లో ఆత్మహత్య తలపులు రావచ్చని దానిమీద 2005లోనే హెచ్చరిక వేయించింది. ఇంట్లో ఎవరికైనా బైపోలార్, సైకోసిస్ ఉన్నాయా అని మొదటి మాత్రకు ముందే అడగాలి. మోతాదు చిన్నగా మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచాలి. గొంతులు వినిపించినా, చావు మాట వచ్చినా తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి. 14416కు ఫోను చేస్తే టెలీమానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

పరీక్షల ముందు స్నేహితుడి మాత్ర మింగే ఘనులున్నారు. వారిని గమనించే వైద్యుడే లేడు, వారి సంగతి మరీ అధ్వాన్నం.

మన దేశంలో ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. చీటీ రెండు ప్రతులు ఉండాలి, దుకాణదారు ఒకటి రెండేళ్ళు దాచాలి. కాగితానికింత కాపలా పెట్టిన మనకు పిల్లవాడి నిద్ర ఎన్ని గంటలని అడగడానికి ఓపిక లేకపోయింది.

ఇప్పుడు వేరే వైద్యురాలు మోతాదు తగ్గించి, ఉదయానికి మార్చారు. తల్లి గోడ క్యాలెండరులో తిథి పక్కనే రోజూ నిద్ర గంటలు రాస్తున్నది. నిన్న చూశాను, ఏడున్నర.