కనుమదారిలో రైలును చూచువారు

పక్షులను చూచువానికి మన సీమలో గౌరవమున్నది. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీలో దుర్భిణి చేతబట్టి, తెల్లవారకమునుపే తోటలవెంట తిరుగుచు, కనబడిన పిట్ట పేరును, వేళను, చోటును పుస్తకమున వ్రాసికొను విద్యార్థిని అందరును మెచ్చుకొందురు. ఆ విద్యార్థియే కుప్పము స్టేషను దాపున కెమెరాతో నిలిచి, వచ్చిన బండి ఇంజను సంఖ్యను వ్రాసికొన్నచో పనిలేనివాడని నవ్వువారు కొందరు, ఈ ఫొటోలెందుకని నిలదీయువారు మరికొందరు. రెండింటికిని కావలసినది ఓపికయు, సూక్ష్మపరిశీలనమును, తప్పులేని వ్రాతయునే యైనప్పుడు, ఒకటి విద్యగను వేరొకటి వెర్రిగను ఏల గణింపబడవలెను?

1864లో మద్రాసు రైల్వేవారు జోలార్‌పేటనుండి బెంగుళూరు కంటోన్మెంటుకు వేసిన మార్గము, తమిళసీమ పల్లమును విడిచి మైసూరు పీఠభూమి నెక్కుచు కుప్పము మీదుగా సాగుచున్నది. బరువైన గూడ్సుబండి ఈ ఎత్తు నెక్కుటకు వెనుక తగిలించు ఇంజనును రైల్వేవారు బ్యాంకరందురు. ముందరిది లాగుచుండగా వెనుకటిది నెట్టుచు, అంత పొడవైన బండి మెల్లమెల్లగా గట్టెక్కుట కన్నులార చూచిన బాలునకు, వాలును ఘర్షణయు ఇక పాఠ్యపుస్తకములోని మాటలుగా మిగులవు.

స్విట్జర్లాండులోని బెర్గ్యూన్ అను చిన్న ఊరినుండి ప్రేడా వరకు అల్బులా రైలుమార్గము సొరంగములలో చుట్లు తిరుగుచు సుమారు 400 మీటర్ల ఎత్తు నెక్కును. ఆ చుట్లను చూడవచ్చువారికై అచట కాలిబాట యున్నది; 2012లో మ్యూజియము వెలసినది; 2008లో ఆ మార్గమును యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. ఆల్ప్సు మనకంత పరాయివియు కావు: 2005లో అదే గౌరవమును పొందిన నీలగిరి రైలు, స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పళ్లపట్టా పద్ధతిపై, వింటర్‌తూర్‌లో తయారైన ఇంజన్లతో కొండనెక్కినది. మనవారును 2017లో అరకు బండికి అద్దాల బోగీని తగిలించిరి. బండిలో కూర్చుండి కొండను చూచువానికి ఇంత మర్యాద చేసిన రైల్వేవారు, కొండదరి నిలిచి బండిని చూచువానిని మాత్రము మరచిరి.

ఈ మరపువలన కలుగు నష్టము చిన్నది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర వేయబడిన పాకాల–ధర్మవరము మీటరుగేజి మార్గము, ఈ శతాబ్ది తొలినాళ్లలో బ్రాడ్‌గేజిగా మారినది. సి.టి.ఎం. వద్దనున్న మదనపల్లె రోడ్డు స్టేషనులో ఆగిన ఆనాటి బండి రూపమును నేటి విద్యార్థికి చూపవలెనన్నచో, ఎవరి యింటి పెట్టెలోనో అణగియున్న ఫొటోను వెదకవలసినదే.

పట్టాలపై నిలిచి సెల్ఫీలు తీసికొను సాహసికులను చూపి, దీనినంతటిని నిషేధింపవలెనను వాదము కలదు. అట్టివారిపై నా కేమాత్రమును జాలి లేదు. రైల్వే చట్టము 147వ సెక్షను అక్రమప్రవేశమునకు ఆరునెలలవరకు ఖైదునో, వేయి రూపాయలవరకు జరిమానానో, రెండునో విధింపవచ్చునని చెప్పుచున్నది. కాని శిక్ష చూపినంతమాత్రమున చాలదు, నిలువదగిన చోటును చూపవలెను. పట్టాలకు దూరముగా కంచెవేసిన గట్టొకటి, ఏది తీయవచ్చునో ఏది తీయరాదో తెలుగున వ్రాసిన పలక యొకటి యున్నచో, కుఱ్ఱవాడును సురక్షితుడగును, కావలివానికిని సందేహము తీరును.

నేటికిని రైలు లేని పుంగనూరు పిల్లలను, మదనపల్లె పిల్లలతో కూడ, ఉపాధ్యాయులు ఏడాది కొక్కమారైనను ఆ గట్టునకు తోడ్కొనిరావలెను. వారు తీసిన చిత్రములను, వ్రాసిన వేళలను, 1997నుండి కుప్పములో నెలకొనియున్న ద్రావిడ విశ్వవిద్యాలయము భద్రపరుపవలెను. కంచెకును పలకకును అగు వ్యయము స్వల్పము. రైల్వేవారు దీనికి పూనుకొనవలసిన సమయమిది.