మళ్ళీ పెళ్ళి చేసుకోనంత కాలం

పోయిన చలికాలం మూడు నెలలు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గరున్నాను. సంఘం పనుల్లో తిరిగిన కాళ్ళు ఎక్కడికి పోయినా ఊరుకోవు కదా. వాళ్ళ వీధి చివర ఒకావిడతో స్నేహం కుదిరింది. యాభై దాటిన మనిషి. భర్త ఇరాక్ యుద్ధానికి వెళ్ళి, వెన్నెముక దెబ్బతిని తిరిగొచ్చాడు. పదకొండేళ్ళు మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్య బతికి పోయాడు. ఆ పదకొండేళ్ళూ ఆయన్ని ఎత్తిందీ, దించిందీ, కడిగిందీ, రాత్రి రెండు గంటలకోసారి లేచి పక్క మీద అటూ ఇటూ తిప్పిందీ ఈవిడే. ఉన్న ఉద్యోగం మానేసింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఇంకొకాయన ఉంటున్నాడు. మంచి స్నేహితుడు. నాలుగేళ్ళయింది. "మరి పెళ్ళి చేసుకోలేదేం?" అని అడిగేశాను. అడగకూడనిది అడగడం మనకి అలవాటేగా! మా అమ్మాయి సిగ్గుపడుతూనే ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వింది. "చేసుకుంటే ఏడాదికి నాలుగు వేల డాలర్లు దండగ" అంది.

అది ఇంటిపన్ను సంగతి. అక్కడ బళ్ళ ఖర్చులో పెద్ద భాగం ఆ పన్ను నుంచే వస్తుంది. ఆవిడ ఉన్నచోట ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకీ సుమారు ఒక డాలరు కట్టాలి. 2010 నవంబరులో వర్జీనియా ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించుకున్నారు. సైన్యంలో పనిచేసినందువల్ల నూరు శాతం శాశ్వత వైకల్యం వచ్చిందని ప్రభుత్వం ధ్రువీకరించిన మాజీ సైనికుడు తను నివసించే ఇంటికీ, ఎకరం దాకా స్థలానికీ పన్ను కట్టనక్కర్లేదు. 2011 జనవరి 1 నుంచి అమలు. ఆ తేదీన గానీ, ఆ తర్వాత గానీ ఆయన చనిపోతే ఆ మినహాయింపు భార్యకి కొనసాగుతుంది. అంతకు ముందురోజు పోయినవాడి భార్యకి లేదు. కొనసాగడానికి ఒక షరతు: ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు.

చట్టంలో "భార్య" అని లేదు, "జీవిత భాగస్వామి" అని ఉంది. మర్యాదగానే రాశారు. కానీ యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళయినప్పుడు, వెనక మిగిలేది ఎవరో వేరే చెప్పాలా?

మొదట్లో ఇంకో బంధనం కూడా ఉండేది. భర్తతో కాపురం చేసిన ఆ ఇంట్లోనే ఉండాలి. కూతురి దగ్గరికో, చిన్న ఇంట్లోకో మారితే మినహాయింపు పోతుంది. ఇది మరీ అన్యాయమని గోలపెట్టగా 2018లో మళ్ళీ ఓటింగు పెట్టి తీసేశారు. 2014లో యుద్ధంలో చనిపోయిన వాళ్ళ భాగస్వాములకీ, 2024లో విధి నిర్వహణలో చనిపోయిన వాళ్ళ భాగస్వాములకీ మినహాయింపు విస్తరించారు. ఈ ఇంటిపన్ను కోసమే మూడుసార్లు రాజ్యాంగాన్ని తెరిచారు. పెళ్ళి షరతు జోలికి మూడుసార్లూ పోలేదు. వర్జీనియా ఒక్కటే కాదు, టెక్సాస్‌లోనూ ఫ్లోరిడాలోనూ ఇదే షరతు.

దీన్ని సమర్థించే వాళ్ళ వాదన నాకు తెలుసు. మళ్ళీ పెళ్ళయితే ఆమెని చూసుకోడానికి ఇంకొకడు వచ్చాడు కదా, ప్రభుత్వం ఎందుకు చూడాలి అంటారు. సరే, అవసరాన్ని బట్టి ఇచ్చే సాయమే అనుకుందాం. అలాగయితే ఆదాయం అడగాలి కదా? అడగరు. వర్జీనియా మినహాయింపుకి ఆదాయ పరిమితి లేదు. బ్యాంకులో ఎంత డబ్బున్నా, ఎంత పెద్ద ఇల్లయినా మాజీ సైనికుడికి వర్తిస్తుంది. ఆయన భార్య పోతే మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు, విడాకులిచ్చి మూడో పెళ్ళి కూడా చేసుకోవచ్చు, పెళ్ళాం లక్షలు సంపాదించవచ్చు. ఆయన మినహాయింపుకి ఢోకా లేదు. ఎందుకంటే అది ఆయన శరీరం నష్టపోయినందుకు దేశం చెల్లించే పరిహారం. మంచిదే. ఆయనకి పరిహారమైనది ఆమె చేతికి వచ్చేసరికి దానం ఎలా అయిపోయింది? దానమయితేనే గదా నడవడిక చూసి ఇచ్చేది!

అదే ప్రభుత్వం 2010లోనే, తీవ్రంగా గాయపడ్డ సైనికుల్ని ఇంట్లో చూసుకునే వాళ్ళకి నెలనెలా భృతి ఇస్తూ కేంద్ర చట్టం చేసింది. అంటే ఎత్తడం, కడగడం, రాత్రిళ్ళు లేవడం పనేనని ఒప్పుకున్నట్టే. మనిషి పోయాక మూడు నెలలకి ఆ భృతి ఆగిపోతుంది. చేసిన పనికి గుర్తుగా మిగిలేవి ఈ పన్ను మినహాయింపూ, కేంద్రం ఇచ్చే పింఛను లాంటి మొత్తమూ. ఆ రెండోది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 55 ఏళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే పోతుంది, 55 దాటాక చేసుకుంటే ఉంటుంది. 2021 దాకా అది 57. ఆడదాని వయసు మీద ప్రభుత్వానికి ఎంత పట్టింపో చూడండి.

"అమెరికా గోల మనకెందుకక్కా?" అని మీలో కొందరు అనుకుంటారు. మన ఇంటి సంగతి చెబుతా వినండి. సాహస పతకాలు పొందిన సైనికులకి మన దేశంలో నెలనెలా భత్యం ఉంది. సైనికుడు పోతే భార్యకి ఇస్తారు. రక్షణ శాఖ 1995 నాటి ఉత్తర్వు ప్రకారం ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే భత్యం ఆగిపోయేది. ఒక్క వెసులుబాటు ఉంది: చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుని, ఆ ఇంటివాళ్ళతోనే కలిసి ఉంటే ఆగదు! మరిదిని చేసుకుంటే వీరపత్ని, పరాయివాణ్ణి చేసుకుంటే ఎవరో ఒకత్తె. ఆ షరతు తీసేసింది 2017 నవంబరులో. ఇరవై రెండేళ్ళు అది ప్రభుత్వ కాగితం మీద నిక్షేపంగా ఉంది. వర్జీనియా వాళ్ళు పెళ్ళే వద్దన్నారు, మనవాళ్ళు పెళ్ళికొడుకుని కూడా చూపించారు. అంతే తేడా.

మనలోనే ఇంకో అభ్యంతరం ఉంది. యుద్ధాలొద్దని ఊరేగింపులు చేసేవాళ్ళం, సైనికుల రాయితీల కోసం వకాల్తా పుచ్చుకోవడమేమిటి అని. నాకూ ఆ ఇబ్బంది ఉంది. ఇల్లు లేని మనిషికి ఇంటిపన్ను మినహాయింపు వల్ల ఒరిగేదేమీ లేదన్నదీ నిజమే. అద్దెకుండే సైనికుడి భార్య కూడా పదకొండేళ్ళు రాత్రిళ్ళు లేచే ఉంటుంది. ఆ చర్చ చేద్దాం, తప్పకుండా. కానీ యుద్ధం ఖర్చంతా లెక్కగట్టమని అడిగేవాళ్ళం మనమే కదా? వెన్నువిరిగిన మనిషి పక్కన పదకొండేళ్ళు గడిపిన ఆడదాని ఆయుష్షుని ఆ లెక్కలో రాయకుండా యుద్ధాన్ని ఎలా వ్యతిరేకిస్తాం?

2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో సైనికుల ఇళ్ళకి పన్ను మినహాయింపు ప్రకటించింది. పల్లెల్లో ఇంటిపన్ను చిన్న మొత్తమే, వర్జీనియాలా వేల డాలర్లు కాదు. అయినా ఇలాంటి ప్రతి ఉత్తర్వులోనూ, మినహాయింపులోనైనా పింఛనులోనైనా, "భార్య" అన్న మాట పక్కన ఏముందో మనం చదవాలి. ఇల్లు ఎవరి పేర ఉంటే వర్తిస్తుంది, ఆయన పోయాక ఎన్నాళ్ళు, ఏ షరతు మీద అన్న మూడు ప్రశ్నలూ ఉత్తర్వు రాసే దశలోనే వేయాలి. రాజ్యాంగంలోకి ఎక్కాక దాన్ని దించడం ఎంత కష్టమో వర్జీనియా ఆడవాళ్ళకి తెలుసు.

వచ్చే నెల మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఈ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి పట్టుకెళుతున్నాం. మాజీ సైనికుల భార్యలు నలుగురు వస్తామన్నారు. వాళ్ళలో ఒకామె, "నేను మళ్ళీ పెళ్ళి చేసుకోనమ్మా, అయినా ఆ మాట వాళ్ళకెందుకు చెప్పాలి?" అంది. ఆ మాటే అర్జీలో మొదటి వాక్యంగా రాశాం.