తీగ కోస్తే వారంటీకి కోతే!
స్కూటర్లకు అదనపు దీపాల బిగింపులో మెలకువ అవసరం

చిలకలూరిపేట: మిరప కోతలు మొదలైతే పల్లెల్లో రాకపోకలకు రాత్రి, పగలు తేడా ఉండదు. కళ్లాల వద్ద కాపలాకు వెళ్లేవారు, గుంటూరు యార్డులో సరకు అమ్ముకొని తిరిగివచ్చేవారు చీకట్లోనే స్కూటర్లపై ప్రయాణిస్తుంటారు. ఒకవైపు వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు, మరోవైపు తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు. ఉన్న హెడ్‌లైటు చాలక అదనపు దీపాలు బిగించుకోవడం పరిపాటి అయింది. ఈ అవసరాన్ని కాదనలేము. చిక్కంతా బిగించే పద్ధతిలోనే ఉంది.

అతుకుతోనే తంటా

హెడ్‌లైటు తీగ తొడుగు ఒలిచి, కొత్త తీగను మెలిపెట్టి, టేపు చుట్టడం రోడ్డు పక్క దుకాణాల్లో కనిపించే పద్ధతి. పాత స్కూటర్లకు ఇది ఎలాగో చెల్లింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో పెట్రోలు స్కూటర్లలో కార్బురేటరు స్థానాన్ని ఇంధన ఇంజెక్షన్ ఆక్రమించింది. సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ కూడా వాహన వైరింగుపైనే ఆధారపడతాయి. అతుకు వదులైనా, తడి చేరినా ఇంజిన్ మొరాయించవచ్చు. బయటి పరికరాల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని కంపెనీలు సాధారణంగా పుస్తకంలోనే షరతు పెడతాయి. కోసిన తీగే అందుకు సాక్ష్యమవుతుంది.

లెక్క చూసుకోవాలి

స్కూటరు బ్యాటరీ 12 వోల్టులు. వాట్లను 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 55 వాట్ల బల్బులు రెండు బిగిస్తే తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. ఇంజిన్ ఆపి వెలిగిస్తే 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అరగంటకే నీరసిస్తుంది. 20 వాట్ల ఎల్ఈడీ దీపాలు రెండింటికి మూడున్నర ఆంపియర్లు సరిపోతాయి. బ్యాటరీ నుంచి నేరుగా వేరే తీగ లాగి, దాని మొదట్లోనే తగిన ఫ్యూజు, ఆపై రిలే అమర్చితే అసలు వైరింగును తాకే పని ఉండదు. కంపెనీ ఆమోదించిన పరికరాలను అధీకృత సర్వీసు కేంద్రంలోనే బిగించుకొని, బిల్లు, జాబ్‌కార్డు భద్రపరచుకోవడం అన్నింటికన్నా మేలు. విద్యుత్ స్కూటరైతే వాహనాన్ని నడిపే ప్రధాన బ్యాటరీ జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లరాదు.

ఎదురుగా వచ్చేవారి కళ్లు బైర్లు కమ్మకుండా దీపాలను కిందికి వంచాలి. పలు స్వరాల హారన్లను 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు అనుమతించవు. అదనపు పరికరాల సంగతి బీమా కంపెనీకీ ముందే తెలపాలి.

నిరాకరిస్తే..

దీపం బిగించారన్న ఒక్క మాటతో ఏ లోపానికీ బాధ్యత లేదంటే ఊరుకోనక్కరలేదు. ఫాగ్‌లైటుకు, షాక్ అబ్జార్బరు లీకుకు సంబంధం ఏమిటని అడగవచ్చు. నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 2020 జులై 20 నుంచి అమలవుతున్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షోరూమ్ ఎక్కడున్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు దాఖలు చేయాలి. వస్తువుకు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. అవసరమైతే వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది.

అయితే అక్కడ నిలిచేది కాగితమే. ఫ్యూజు, రిలేకయ్యే కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడి తీగ కోయించుకుంటే, రేపు వేలల్లో అయ్యే మరమ్మతు రైతు జేబుపైనే పడుతుంది.