కొప్పు చూశారు, మాట వినలేదు

1924లో ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ కార్ల కంపెనీ ఆఫ్రికా ఖండం మీదుగా ఒక పెద్ద యాత్ర నడిపింది. ఆ యాత్ర మీద లియో పువారియే తీసిన ‘లా క్రువాజియేర్ నువార్’ అనే మూకీ సినిమా 1926లో వచ్చింది. అప్పటి బెల్జియన్ కాంగోలో ఆ బృందంలోని కెమెరామన్ జార్జ్ స్పెష్ట్, నొబొసుడ్రు అనే మంగ్బెటు స్త్రీని పక్కనుంచి ఫొటో తీశాడు. పొడవాటి తల, వెనక్కి లాగి కట్టి చివర పళ్ళెంలా విచ్చుకున్న కొప్పు. ఆ బొమ్మ యాత్రకే గుర్తయిపోయింది. ఆఖరికి కారు ముందు బిగించే లోహపు బొమ్మ కూడా అయింది. ఒక మనిషి తల, కారు ముక్కు మీద!

మంగ్బెటు వాళ్ళు పసిపిల్లల తలకు కట్టు కట్టి పొడవుగా పెరిగేలా చేసేవారు. పెద్దయ్యాక సన్నటి పుల్లల చట్రం మీద పాయలు చుట్టి ఆ కొప్పు కట్టేవారు. ఎవరికి వారు కట్టుకోగలిగిందా అది? వెనకాల ఒక మనిషి కూర్చోవాలి, గంటలు పట్టాలి, కబుర్లు నడవాలి. మా ఇంట్లో అమ్మ పూలజడ అంటుంది, నాన్నమ్మ కన్నడంలో మొగ్గిన జడె అంటుంది. ఏ పేరైనా సరే, సూది దారంతో మొగ్గలు కుట్టే అత్త ఉండాలి, మనకు మెడ నొప్పి పుట్టాలి, ఈలోగా బంధువుల గుట్లన్నీ బయటపడాలి. మూకీ సినిమాలో ఆ మాటలెలా వస్తాయి? తెర మీద పడే అక్షరాలు కూడా తీసినవాళ్ళ ఫ్రెంచివే.

వాళ్ళు తియ్యకపోతే ఆ కొప్పు మనకు తెలిసేదా అని అడగొచ్చు. నిజమే, ఆకారం దక్కింది. కానీ నైజీరియా ఫొటోగ్రాఫర్ ఒజెయికెరె 1968 నుంచి తన దేశపు ఆడవాళ్ళ జడలు దాదాపు వెయ్యి ఫొటోలు తీశాడు. చాలావాటిలో మొహమే కనబడదు, వెనకనుంచి తీసినవి. అయినా నాకవి వింత వస్తువుల్లా అనిపించలేదు. జడల పేర్లు కూడా రాసిపెట్టుకున్నాడాయన. ఒకదాని పేరు ‘ఒనిలె గొగొరొ’, ఎత్తైన మేడ అని. పేరు తెలిశాక అది ఒక పనితనంలా కనిపిస్తుంది, వింతలా కాదు.

ఇదంతా ఎందుకంటే, మన మెట్ల దగ్గర ‘ప్రపంచ కేశాలంకరణ’ చార్టులో నొబొసుడ్రు ఫొటో కింద ‘ఆఫ్రికా ఆదిమ స్త్రీ’ అని ఉంది. పక్కనే ఉన్న ఫ్రెంచి రాణికి మాత్రం పేరు, ఏళ్ళు అన్నీ ఉన్నాయి. ‘నొబొసుడ్రు, మంగ్బెటు, కాంగో’ అని మార్చి రాద్దాం. స్కెచ్ పెన్ నేను తెస్తాను.