మన అక్షరానికి నంబరు వచ్చింది, ఫోన్లో మాత్రం ఇంకా డబ్బాలే

పోస్టు కొంచెం పొడుగు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న గుంజాల గోండీ లిపిలో రెండు లైన్లు రాసి పెట్టాడు. కింద కామెంట్లు చూశారు కదా. "అన్నా, నాకు డబ్బాలు కనిపిస్తున్నయ్." "నాకు గూడ డబ్బాలే." "ఏం పంపినవ్ అన్నా, ఖాళీ గడులా?" ముగ్గురు నలుగురికి మాత్రం అక్షరాలు కనిపించాయి. వాళ్ళలో ఒక చెల్లికి చదవడం వచ్చు కాబట్టి, వాళ్ళ ఊరి జాతర తేదీ అని మిగతావాళ్ళకి చెప్పింది. అందరం నవ్వుకున్నాం, అక్కడితో వదిలేశాం.

కానీ ఆ డబ్బాల సంగతి వదిలేసేది కాదని మాకు అనిపించింది. అందుకే ఈ పోస్టు.

మనలో సగం మందిమి గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవుతున్నవాళ్ళమే. "ఆవిష్కరణలు - ఆవిష్కర్తలు" అనే పేజీ అందరికీ కంఠతా వచ్చు. టెలిఫోన్ గ్రాహంబెల్, 1876. బల్బు ఎడిసన్. కంప్యూటర్ పితామహుడు బాబేజ్. ఆ పేజీలో మనవాళ్ళు ఎవరూ ఉండరు, మన ఊరి పేరు ఏదీ ఉండదు. చదువుతూ చదువుతూ, కనిపెట్టేది వేరేవాళ్ళు, వాడుకునేది మనం అని మనమే నమ్మేశాం. ఆ పేజీలో లేని ఒక తేదీ ఉంది: 2018 జూన్. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ దగ్గరి గుంజాల పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ పాటించే ప్రమాణంలోకి ఎక్కిన నెల అది. ఆ బిట్ ఏ పేపర్లోనూ మాకు కనబడలేదు.

సంగతి మొదటి నుంచి చెప్తాం. కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. మనం "అ" నొక్కితే అది ఒక నంబరుగా లోపలికి పోతుంది, అవతలి ఫోన్లో ఆ నంబరుకి తగ్గ బొమ్మ బయటికి వస్తుంది. ఏ అక్షరానికి ఏ నంబరు అన్నది అందరూ ఒప్పుకోవాలి, లేకపోతే నేను "అమ్మ" అని పంపితే నీకు ఇంకేదో కనిపిస్తుంది. 1963లో అమెరికావాళ్ళు ఆస్కీ అని ఒక పట్టిక చేశారు. అందులో మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలకి, అంకెలకి, చుక్కలు కామాలకి అవి చాలు అనుకున్నారు. మొదటి ఆస్కీలో ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలు కూడా లేవు, అవి 1967లో వచ్చాయి. ఇక మన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మన దేశంలో 1980ల చివర్లో ఇస్కీ అని ఒకటి తయారైంది, 1991లో దాన్ని భారతీయ ప్రమాణంగా ప్రకటించారు. అందులో తెలుగు, హిందీ, తమిళం, బెంగాలీ ఉన్నాయి. అప్పటికి సంతాలీల ఓల్ చికీ లిపి పుట్టి అరవై ఏళ్ళు దాటింది, దానికి మాత్రం చోటు లేదు. బయటివాళ్ళు మర్చిపోయారంటే సరే అనుకోవచ్చు. ఇది మనవాళ్ళు చేసిన పట్టిక.

ఇక యూనికోడ్. 1988లో జిరాక్స్ కంపెనీలో పనిచేసే జో బెకర్ అనే ఆయన, ప్రపంచంలోని అన్ని భాషలకీ కలిపి ఒకటే పట్టిక ఉండాలని ఒక పత్రం రాశాడు. చాలా పెద్ద ఆలోచనే. కానీ ఆ పత్రం లెక్క ప్రకారం 65,536 స్థానాలు ఉంటే ఇప్పుడు వాడుకలో ఉన్న అక్షరాలన్నీ సరిపోతాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లో తెలుగు ఉంది. మన తెలుగు "అ" నంబరు 3077. తర్వాత వాళ్ళకే అర్థమైంది లెక్క తప్పిందని. 1996లో స్థానాలని పదకొండు లక్షలు దాటించారు.

ఇప్పుడు మన లెక్క చూడండి. గుంజాల గోండీ మొదటి అక్షరం నంబరు 73,056. అంటే పాత హద్దుకి 7,520 అంకెల అవతల మన ఊరు. 1988 నాటి లెక్కే నిలబడి ఉంటే మన చోటు గోడ బయటే. ఈ అంకె మేం మొదటిసారి చూసినప్పుడు కాసేపు ఎవరం మాట్లాడలేదు. తాతల నాటి నుంచి పోడు భూమి హద్దు రాళ్ళ గొడవ చూసినవాళ్ళం కదా.

గుంజాల కథ మీలో కొందరికి తెలుసు, ఊట్నూరు వైపు వాళ్ళకి బాగా తెలుసు. ఆ ఊళ్ళో ఇళ్ళల్లో పాత రాతప్రతులు దొరికాయి. అది చదవగలిగిన పెద్దలు అప్పటికి కొద్దిమందే మిగిలారు. జయధీర్ తిరుమలరావు గారు, ఇంకా కొందరు పరిశోధకులు ఆ పెద్దల దగ్గర కూర్చుని ఒక్కో అక్షరం గుర్తించారు. ఆ తర్వాత అన్షుమాన్ పాండే అనే భాషా పరిశోధకుడు యూనికోడ్‌కి ప్రతిపాదన రాశాడు. ప్రతిపాదన అంటే ఉత్తరం రాసి దండం పెట్టడం కాదు. ప్రతి అక్షరం ఆకారం, దాని పేరు, గుణింతం ఎలా తగులుతుంది, ఒత్తు ఎలా వస్తుంది, నిజంగా వాడుతున్నారని చూపే నమూనాలు, అన్నీ పెట్టాలి. అట్లా 2018 జూన్‌లో, యూనికోడ్ 11లో, 63 అక్షరాలు, గుర్తులు, అంకెలు చేరాయి. దానికి ఏడాది ముందే 2017లో మసరాం గోండీ చేరింది. అది 1918లో బాలాఘాట్‌కి చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరాం తయారుచేసిన లిపి. ఇంకో మాట, యూనికోడ్ 11 వచ్చినప్పుడు లోకం మాట్లాడుకున్నది ఎర్రజుట్టు ఎమోజీ గురించి, సూపర్ హీరో ఎమోజీ గురించి, మామిడిపండు ఎమోజీ గురించి.

ఎమోజీలని తిట్టకండి మళ్ళీ. అవి మనకి మేలే చేశాయి. ఎమోజీల్లో ఎక్కువ భాగం కూడా ఆ పాత హద్దు అవతలే ఉంటాయి. నవ్వే ముఖం నంబరు లక్షా ఇరవై ఎనిమిది వేల పైన. 2010 తర్వాత అందరికీ ఎమోజీలు కావాల్సి వచ్చేసరికి, హద్దు అవతలి నంబర్లు తీసుకోలేని సాఫ్ట్‌వేర్లని కంపెనీలు బాగుచేసుకోవాల్సి వచ్చింది. ఆ దారిన మనమూ నడుస్తున్నాం. అయినా అన్నీ బాగుపడలేదు. ఇంటర్నెట్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతి 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ తయారుచేసింది. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు, గుంజాల అక్షరానికి నాలుగు పడుతుంది. కొన్ని పాత డేటాబేస్‌లు మూడు బైట్ల దగ్గరే ఆగిపోతాయి. మాలో ఒకడు ఒక ఆన్‌లైన్ ఫారంలో తన పేరు గోండీలో కొట్టి చూశాడు, ఊరికే సరదాకి. సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. "నువ్వెవరు?" అని అడిగినట్టే ఉంది అన్నాడు వాడు.

సరే, నంబరు వచ్చింది కదా, డబ్బాలు ఎందుకు? నంబరు వేరు, బొమ్మ వేరు. ఆ నంబరుకి అక్షరం ఆకారం చూపించేది ఫాంటు. అది ఫోన్లో లేకపోతే ఫోను ఒక ఖాళీ డబ్బా పెట్టి ఊరుకుంటుంది. ఇంజనీర్లు ఆ డబ్బాని టోఫు అంటారట, సోయా పనీర్ ముక్కలా ఉంటుందని. "నో టోఫు", డబ్బాలు వద్దు అనే మాట నుంచే గూగుల్ వాళ్ళ నోటో ఫాంట్లకి ఆ పేరు. గుంజాలకి, మసరాంకి రెండింటికీ నోటో ఫాంట్లు ఉన్నాయి, ఉచితం. ఫాంటు తర్వాత కీబోర్డు కావాలి. కీబోర్డు తర్వాత, దాని మీద కొట్టే మనిషి కావాలి.

ఇక్కడ మనకంటే ముందు నడిచినవాళ్ళ సంగతి చెప్పాలి. అమెరికాలో చెరోకీ అనే ఆదివాసీ జాతి. వాళ్ళలో సెక్వోయా అని వెండి పని చేసే ఒకాయన. ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ళు కాగితం చూసి మాట్లాడుకోవడం గమనించి, మన భాషకి ఇది ఎందుకు కుదరదు అనుకున్నాడు. పన్నెండేళ్ళు అదే పని. మొదట మాటకో బొమ్మ గీశాడు, అవి లెక్కకి మించిపోయాయి. తర్వాత శబ్దాలని విడగొట్టాడు. మన క, కి, కు లాగా ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు. 1821కి పూర్తయింది. పిచ్చి అన్నారు, చేతబడి అన్నారు. ఆయన చిన్న కూతురికి నేర్పి, పెద్దమనుషుల ముందు చదివించి చూపించాడు. 1828కల్లా వాళ్ళకి సొంత లిపిలో పేపరు వచ్చింది, చెరోకీ ఫీనిక్స్. 1835లో జార్జియా రాష్ట్ర బలగాలు ఆ ప్రెస్సుని ఎత్తుకుపోయాయి. 1838లో జాతిని జాతినే వాళ్ళ నేల మీంచి పడమరకి తరిమారు, దారిలో వేలమంది చనిపోయారు. అయినా లిపి పోలేదు.

1999లో చెరోకీ లిపి యూనికోడ్‌లో చేరింది. ఐఫోన్‌లోకి మాత్రం 2010లో వచ్చింది. మధ్యలో పదకొండేళ్ళు. అది దానంతట అది రాలేదు. చెరోకీ నాయకులు, భాష నేర్పేవాళ్ళు ఆపిల్ కంపెనీ వెంట పడ్డారు. బడిలో చెరోకీలోనే పాఠాలు చెప్పి పంపినా, పిల్ల చేతికి ఫోను రాగానే అందులో ఏ భాష ఉంటే ఆ భాషలోకి జారిపోతుంది అన్నది వాళ్ళ లెక్క. మన తమ్ముళ్ళు చెల్లెళ్ళని చూస్తే ఆ లెక్క తప్పని ఎవరూ అనలేం.

దగ్గరి ఉదాహరణ కావాలంటే సంతాలీలు. 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికీ తయారుచేశారు. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్లో చేరింది, 2008లో లిపి యూనికోడ్‌లో చేరింది, 2018లో ఓల్ చికీలో వికీపీడియా మొదలైంది. గోండీ మాట్లాడేవాళ్ళు 2011 జనగణన ప్రకారం దాదాపు 29 లక్షల 84 వేలు. సంస్కృతం మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 24,821. షెడ్యూల్లో సంస్కృతం ఉంది, గోండీ లేదు. దీని మీద మన సంఘాలు ఎప్పటి నుంచో కొట్లాడుతున్నాయి, కొట్లాడాలి కూడా. కానీ ఫాంటు ఎక్కించుకోవడానికి పార్లమెంటు బిల్లు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. గ్రూపులో ఈ మాట వచ్చినప్పుడల్లా రెండు జట్లు అవుతాయి. "గోండీని తెలుగు లిపిలో రాయడం బానిసత్వం" అని ఒక జట్టు. "సొంత లిపి అంటూ కూర్చుంటే ఉద్యోగాలు రావు, తెలుగులో రాస్తే చాలదా" అని ఇంకో జట్టు. వీళ్ళ మధ్యలో గుంజాలా మసరామా అని మళ్ళీ ఒక తగువు. మాకు ఈ జట్లలో ఏదీ నచ్చట్లేదు.

మొదటి జట్టు అన్నలకి మా మాట. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, కువి, కొలామీ, గోండీ, లంబాడీ లాంటి ఎనిమిది భాషల్లో చిన్నపిల్లలకి వాచకాలు వేసింది తెలుగు లిపిలోనే. మనలో కొంతమందిమి అమ్మభాష అచ్చులో మొదటిసారి చూసింది వాటిలోనే. దాన్ని బానిసత్వం అనలేం. కొలామీ వాళ్ళకి, కువి వాళ్ళకి ఈ రోజుకీ తెలుగు లిపే ఆసరా. రెండో జట్టుకి ఇంకో మాట. సవరవాళ్ళకి 1936లో మంగేయి గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ లిపి చేశారు, 2012లో అది యూనికోడ్‌లో చేరింది. అంతకుముందే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజునే, సవర మాట మాత్రం ఆ రోజు స్టేజీ మీద వినబడదు. పక్కవాళ్ళు ఎంత ప్రేమగా రాసినా, మనవాడు మన కోసం చేసిన గుర్తు వేరు. సవరవాళ్ళకి ఆ తేడా తెలుసు.

ఇందులో ఒక నష్టం కూడా ఉంది, దాచిపెట్టం. ఒకే గోండీ మాటని తెలుగులో, దేవనాగరిలో, గుంజాలలో, మసరాంలో రాస్తే కంప్యూటర్‌కి అవి సంబంధం లేని నాలుగు మాటలు. ఒకదాన్ని వెతికితే మిగతా మూడు దొరకవు. మహారాష్ట్ర గోండు రాసింది ఆదిలాబాద్ గోండుకి కనబడదు. కానీ ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చడం యంత్రానికి పెద్ద కష్టం కాదు, పట్టిక ఒకటి రాసిస్తే చాలావరకు అయిపోతుంది. మన గ్రూపులో బీటెక్ పిల్లలు ఇంతమంది ఉన్నారు, ఇది ఒక సెమిస్టర్ ప్రాజెక్టు. అసలు రాయనిదాన్ని మాత్రం ఏ యంత్రమూ మార్చలేదు. అందుకే మేం అనేది, చేతికి వచ్చిన లిపిలో ఇవాళే రాయండి. గుంజాల నేర్చుకోవడం ఆపకండి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

తెలుగు లాంటి పెద్ద భాషకే ఇంకా తిప్పలు ఉన్నాయని మర్చిపోవద్దు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాష కాబట్టి గోల అయింది, కొద్ది రోజుల్లోనే సరిచేశారు. మన అక్షరం చెడిపోతే ఫిర్యాదు చేసేవాళ్ళు కూడా మనమే, ఇంకెవరూ ఉండరు.

అడగాల్సినవి పెద్దవేం కాదు. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు ఉన్నాయి. ఆ కంప్యూటర్లలో నోటో గుంజాల, మసరాం, సోరా ఫాంట్లు ఎక్కించమని అడుగుదాం. రూపాయి ఖర్చు లేదు. గిరిజన సంక్షేమం కోసం పెట్టే వెబ్‌సైట్లలో పేరు కాలమ్ మన అక్షరాన్ని ప్రశ్నార్థకం చేయకుండా తీసుకోవాలని రాతపూర్వకంగా అడుగుదాం. అర్జీ మేం రాస్తున్నాం, ఆదివారం గ్రూపులో పెడతాం, సరిదిద్దండి.

ఈలోపు ఒక చిన్న పని. ఆ అన్న పెట్టిన రెండు లైన్ల పోస్టు పైన పిన్ చేశాం. మీ ఫోన్లో అక్షరాలు కనిపిస్తే "కనిపించింది" అని, డబ్బాలు కనిపిస్తే "డబ్బా" అని రాసి పక్కన ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ పెట్టండి. సవర తమ్ముళ్ళు సోంపెంగ్‌లో ఒక లైను పెట్టండి, అదీ చూద్దాం. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లో కూడా తెరిచి చూడండి, పాత ఫోన్లు ఎక్కువ వాళ్ళ దగ్గరే ఉంటాయి.