ప్రైమ్ నంబర్: 4 కోట్ల అంకెల ప్రధాన సంఖ్య దొరికింది.. మన బ్యాంకు ఖాతాలకు ముప్పుందా?

2, 3, 5, 7.. ఒకటితో, తమతో తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగింపబడని ఈ ప్రధాన సంఖ్యలు బళ్లో అందరం చదివినవే. ఇప్పుడు ఆ జాబితాలోకి 4,10,24,320 అంకెల సంఖ్య వచ్చి చేరింది. పేజీకి 4 వేల అంకెల చొప్పున అచ్చేస్తే 10 వేల పేజీలు దాటుతుంది! 13,62,79,841 రెండ్లను వరుసగా గుణించి, చివర్లో 1 తీసేస్తే వచ్చేది ఇదే. అమెరికాలోని శాన్‌జోస్‌కు చెందిన 36 ఏళ్ల లూక్ డ్యురాంట్ దీన్ని కనిపెట్టారని ‘గింప్స్’ ప్రాజెక్టు 2024 అక్టోబర్ 21న ప్రకటించింది.

బ్యాంకు సైట్ల తాళాల వెనక ఉండేవీ ప్రైమ్ నంబర్లే కదా.. మరి డబ్బు భద్రమేనా? భద్రమే. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో సాధారణంగా వాడేవి దాదాపు 300 అంకెల ప్రైమ్‌లు. అవి రహస్యంగా ఉండాలి. ఊరంతా తెలిసిన ఈ సంఖ్య తాళానికీ పనికిరాదు, తాళం పగలగొట్టడానికీ పనికిరాదు.

అసలు ఇది ప్రైమేనని ఎలా నమ్మాలి? ఒక్కో సంఖ్యతో భాగిస్తూ పోతే యుగాలు చాలవు. ఏ సంఖ్యనైనా పరీక్షించే పద్ధతిని ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు 2002లో ఇచ్చారు. కానీ ఇంత పెద్ద సంఖ్యకు ఆచరణలో అదీ కష్టమే. ఇక్కడ కలిసొచ్చింది దీని రూపం. 2ల గుణకారంలోంచి 1 తీస్తే వచ్చే ‘మెర్సెన్’ సంఖ్యలకు ప్రత్యేక పరీక్ష ఉంది. 4తో మొదలుపెట్టి వర్గం చేయాలి, 2 తీసేయాలి, మన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. మళ్లీ అదే పని. ఆఖరి అడుగులో సున్నా వస్తే ప్రైమ్ అన్నట్టే. 7తో చూడండి: 4 వర్గం 16, 2 తీస్తే 14, 7తో భాగిస్తే శేషం సున్నా. ఒక్క అడుగులో తేలిపోయింది. కొత్త సంఖ్యకు 13,62,79,839 అడుగులు వేయాలి! పోనీ ఈ రూపంలో ఉన్నవన్నీ ప్రైమ్‌లేనా అంటే అదీ కాదు. 11 రెండ్లు గుణించి 1 తీస్తే 2047. అది 23, 89ల లబ్ధం.

ఈ వార్తలో అసలు మలుపు సంఖ్య కాదు, యంత్రం. 1996లో మొదలైన గింప్స్‌లో ఇన్నేళ్లూ రికార్డులు కొట్టింది మామూలు కంప్యూటర్లే. ఒకప్పుడు ఎన్విడియాలో పనిచేసిన డ్యురాంట్ మాత్రం 17 దేశాల్లోని క్లౌడ్ జీపీయూలను నడిపించారు. డబ్లిన్‌లోని ఒక జీపీయూ ముందు ఆచూకీ పట్టింది. మరుసటి రోజు టెక్సాస్‌లోని ఇంకొకటి పైన చెప్పిన పరీక్షతో ఖాయం చేసింది. ఏఐ కోసం కొన్న చిప్‌లు ఇలా లెక్కల్లోకి దిగితే, ఇంట్లో పాత పీసీతో వేటాడే వాళ్లకు రికార్డు దక్కడం ఇక కష్టమే. అలాగని బహుమతేం భారీగా లేదు, 3 వేల డాలర్లే.

ఇది తెలిసిన మెర్సెన్ ప్రైమ్‌లలో 52వది. దీనికంటే చిన్నది ఏదైనా మధ్యలో కంటపడకుండా మిగిలిందేమో ఇంకా తేలలేదు, తనిఖీ సాగుతోంది. 10 కోట్ల అంకెల ప్రైమ్ పట్టిన వాళ్ల కోసమైతే లక్షా 50 వేల డాలర్ల బహుమతి ఎదురుచూస్తోంది.